ఒక కొమ్ము మందు

మా ఇంటి దేవుడి గూట్లో ముగ్గురుంటారు. వెంకటేశ్వరస్వామి, ఎల్లమ్మ తల్లి, ఒక మేక కొమ్ము. మొదటి ఇద్దరికీ వారానికోసారి దీపం పెడతారు. కొమ్ముకు ఏడాదికి ఒక్కసారే, దసరా నాడు పసుపు, కుంకుమ. అయినా మా ఇంట్లో ఎవరిచేతనైనా నిజం చెప్పించాలంటే స్వామి దగ్గరికీ, తల్లి దగ్గరికీ పోరు. కొమ్ము మీద చెయ్యి పెట్టమంటారు.

అది బొటనవేలంత ఉంటుంది. మా తాత దాన్ని కోసి, లోపల తొలిచి, నోటి అంచుకు ఇత్తడి పట్టీ వేశాడు. మా ఇంటి తుపాకిలో పోసే మందుకు కొలత అది. తుపాకి అంటే సినిమాల్లో చూసేది కాదు. పంటను పందుల నుంచి కాచుకోవడానికి సర్కారు లైసెన్సు ఇచ్చిన భర్మార్. గొట్టం మూతిలో నుంచి మందు పోసి, గుడ్డ పేలికలు, రవ్వలు దిగ్గొట్టి, కాల్చాలి. ఒకసారి కాల్చాక మళ్లీ సిద్ధం చేసేలోపు పంది ఇంటికి పోయి పెళ్లాంతో ముచ్చట చెప్పి కూడా రావచ్చు.

మందు పోయడానికి తాత ఒక పద్ధతి పెట్టాడు. కొమ్ము నింపి గొట్టంలో వంచాక "ఒకటి" అని పైకి అనాలి. అని, కొమ్మును బోర్లించి మొలలో దోపుకోవాలి. కొమ్ము మొలలో ఉందంటే మందు పోసినట్టే. ఇక మళ్లీ పోయడమన్న మాట లేదు. "మనిషి మతి తప్పుతడు, తుపాకి తుప్పు పడతది, కొమ్ము మాత్రం మారదు" అనేవాడట. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి అన్నకు తుపాకితోపాటు ఆ "ఒకటి" కూడా వచ్చింది. నాన్న ఆస్తి పంచినప్పుడు అన్నకు తుపాకి దక్కింది, నాకు నోరు దక్కింది. రెండూ పేలేవే. లైసెన్సు మాత్రం ఒకదానికే ఉంది.

ఆ కొమ్ము మీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడినవాణ్ని మా వంశంలో నేనొక్కణ్నే. నాకు పదేళ్లప్పుడు, అన్న కాపలా మరిచి నిద్రపోతే మా బర్రె పక్కవాళ్ల జొన్నచేలో పడి మేసింది. నాన్న చర్నకోల తీశాడు. అన్నను కొడితే నాన్నకు చెయ్యి ఆగదు. నన్ను కొట్టబోతే నేనేదో ఒకటి అంటాను, ఆయనకు నవ్వొస్తుంది, దెబ్బ గురి తప్పుతుంది. అందుకని నేనే బర్రెను వదిలానని కొమ్ము మీద ఒట్టేశాను. మూడు దెబ్బలు పడ్డాయి, నాలుగో దెబ్బకు నాన్న నవ్వాడు. అన్న మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ ఒట్టును వాడు మరిచిపోలేదు. అది ఎప్పుడు ఎలా తిరిగొచ్చి నా మెడకు చుట్టుకుంటుందో అప్పుడు నాకేం తెలుసు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. "నువ్వు పాత ఇనుప సామాన్లకు తప్ప దేనికీ పనికిరావురా" అని సారు అన్నాడు. గురువుగారి మాట వమ్ము చేయలేదు. గద్వాలలో ఉంటూ ఒక ట్రాలీ ఆటో మీద ఊరూరా తిరిగి పాత సామాన్లు కొంటాను. మైకులో వచ్చే గొంతు నాదే: "పాత ఇనుము, పాత పుస్తకాలు, పగిలిన బిందెలు, అలిగిన అల్లుడు తప్ప అన్నీ కొంటాం!" ఆడవాళ్లు నవ్వుకుంటూ బయటికొస్తారు. నవ్వినవాళ్లు బేరం గట్టిగా ఆడరు. నా వ్యాపార రహస్యం అంతే.

అన్న వీపనగండ్ల దగ్గర మా ఊళ్లోనే సేద్యం చేస్తాడు. నాలుగెకరాల చేను, యాసంగిలో బుడ్డలు వేస్తాడు. వేరుశనగను పట్నం వాళ్లు పల్లీలంటారు, మేము బుడ్డలంటాం, అడవిపందులు ఏమంటాయో తెలియదు గానీ అందరికంటే ముందు రుచి చూసేది అవే.

ఆ ఏడాది ఓట్లు వచ్చాయి. ఓట్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పి చీటీ తెచ్చుకోవాలి. అన్న అప్పజెప్పి వచ్చాడు. తుపాకి లేదని ఎలా తెలిసిందో పందులకు, గుంపులు గుంపులుగా దిగాయి. డప్పు కొట్టాడు, పాత చీరలు కట్టాడు, నా మైకు కూడా తెచ్చి చేను గట్టున పెట్టాం. రెండు రోజులు పందులు రాలేదు. మూడో రోజు నుంచి నా గొంతు వింటూ తిన్నాయి.

"పందులకు ఎలచ్చన్ల కోడ్ లేదారా?" అన్నాడు అన్న, పెళ్లగించిన మట్టిని కాలితో నెడుతూ.

"వాటికి ఓటు లేదు గదన్నా. ఓటు లేనోడు ఏమన్న చెయ్యొచ్చు."

అన్న నవ్వలేదు. చేనులో సగానికి సగం తలకిందులై ఉంది. ఆ పంట పోతే ఏమవుతుందో నాకు తెలుసు. వదిన ఇద్దరు పిల్లలను అమ్మగారింట వదిలి, ఇద్దరూ సంచులు సర్దుకుని బొంబాయి వైపు మట్టిపనికి పోవాలి. అంతకుముందు రెండేళ్లు పోయివచ్చారు. "ఇగ పోను, సచ్చినా బతికినా ఈడనే" అని అన్న గట్టిగా అనుకున్నాడు.

ఓట్లయ్యాక తుపాకి ఇంటికి తిరిగొచ్చింది. మందు లేదు. ఇంట్లో మిగిలిన కాస్తా చెమ్మపట్టి గడ్డకట్టింది. లైసెన్సు పుస్తకం చూపిస్తే మందు ఇచ్చే దుకాణం కర్నూలులో ఒకటుండేది. అన్న పోయేసరికి షట్టరు దించి ఉంది. ముసలాయన మూసేశాడని పక్కనున్న టీకొట్టు మనిషి చెప్పాడు. తుపాకి ఉంది, కొమ్ము ఉంది, పోయడానికి ఏమీ లేదు.

సరిగ్గా ఆ వారంలోనే అలంపూర్ దిక్కు ఒక ఊళ్లో ఒక పెద్దమ్మ నా ఆటోను ఆపింది. భర్త మిలిట్రీలో చేసి వచ్చిన మనిషి, పోయి అప్పటికి ఏడాది. అటక మీదున్న ఇనుప పెట్టె తీసుకుపొమ్మంది. వరదొచ్చిన ఏడు ఇల్లు సగం మునిగినా అటక మీద ఉండి ఈ పెట్టె తడవలేదట. దించి తెరిచాను. ఇత్తడి తూటా గొట్టాలు ఒక సంచి నిండా, చేత్తో ఒత్తే చిన్న ఇనుప మర, వేలెడంత పళ్లాలున్న తక్కెడ, ఒక లావుపాటి నోటుబుక్కు, మూతికి మైనం పూసిన రేకు డబ్బా.

"పెద్దమ్మా, పెద్దాయన మిలిట్రీ నుంచి వచ్చి కంసాలి పని పెట్టినాడా ఏంది? గింత చిన్న తక్కెడ!"

"కంసాలి గాదు నాయనా" అంది ఆమె గడపలో కూర్చుంటూ. "ఆయనకు తుపాకులంటే పిచ్చి. కాల్చిన తూటాల గొట్టాలు ఏరుకొచ్చి, మళ్ల మందు పోసి, మళ్ల తూటాలు జేస్తాండె. ఆ డబ్బాలోది మిలిట్రీల మిగిలిపోయిన సరుకంట, యాడ్నుంచి తెచ్చినాడో సామికే తెలుసు. అద్దాలు పెట్టుకుని ఆ తక్కెట్లో ఒక పలుకు ఏస్తాడు, ఒక పలుకు తీస్తాడు. ఆ బుక్కులో రాసుకుంటాడు. నేను పిలిచినా పలకడు. లెక్క తప్పితే పాణం తప్పుతాది అంటాండె."

"మరి లెక్క తప్పలే గదా?"

"షుగరుతో పాయె. మందు పలుకులు ఎంచినోడు లడ్లు ఎంచలేదు నాయనా."

ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, వేలు చూపించి అంది: "పెట్టె, సామాను నీ ఇష్టం. ఆ డబ్బా మాత్రం ఎవరికీ ఇయ్యొద్దు. తీస్కపోయి తుంగభద్రల కలిపెయ్. నాకు అది ఇంట్లో ఉంటే నిద్ర పట్టదు."

"అట్లనే పెద్దమ్మా. చేపలన్నీ మిలిట్రీల చేరతయి."

ఆమెకు మాటిచ్చాను. ఏటి పక్కగానే వచ్చాను కూడా. ఆటో ఆపలేదు. ఒకరు పారేసింది ఏరుకుని బతికేవాడికి, చేతిలో ఉన్నది పారేయడమనే అలవాటు ఎక్కడుంటుంది? పైగా అన్న ముఖం కళ్లముందు ఆడుతోంది.

గద్వాలలో తక్కెడను ఒక కంసాలికి ఇచ్చేశాను. నోటుబుక్కు తిరగేశాను. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని చోట్ల కింద ఎర్ర పెన్సిలుతో రెండేసి గీతలు. నాకు ఏబీసీడీలు విడివిడిగా వస్తాయి, పక్కపక్కన నిలబడితే రావు. ఎర్ర గీతల పైన ఆయన ఏం రాశాడో ఎవరినైనా అడగాలన్న ఆలోచన రాలేదు. పాత కాగితాల సంచిలో పడేశాను. డబ్బా ఒక్కటి సీటు కింద పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అన్న ఇంటికి పోయాను. వదిన వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఏం తెచ్చినవ్ మరిదీ, డబ్బా గట్ల దాస్తున్నవ్?"

"మిలిట్రీ మందు వదినె."

"ఓ నీ నోట్ల మన్ను వడ! ఉన్న కష్టం సాలదా, మీ అన్నకు సీసా కూడా అలవాటు చేస్తవా?"

అన్న బయటికొచ్చి మూత తీశాడు. అరచేతిలో కొద్దిగా పోసుకుని ఎండలో తిప్పి చూశాడు. మా ఇంటి మందు నల్లగా, మెత్తగా బొగ్గుపొడిలా ఉంటుంది. ఇది బూడిదరంగులో నిగనిగలాడే సన్నని పలుకులు.

"గిది మన మందు లెక్క లేదురా."

"మనది ఊర్ల పుట్టింది, నల్లగుంటది. గిది మిలిట్రీది. తిండి బాగ పెడతరు, నిగనిగ ఉంటది."

అన్న నవ్వాడు. ఎన్నో రోజుల తర్వాత వాడి పళ్లు చూశాను. నాకు అది చాలనిపించింది. పాత సామాన్లవాడి బతుకులో కూడా ఒక్కోరోజు కొత్త వస్తువు దొరుకుతుంది.

"ఎంత పొయ్యాలె?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వాడు అడిగాడు. అడగలేదని నేను ఎవరికీ చెప్పలేను. ఆ క్షణంలో నేను చెప్పాల్సిన మాటలు రెండే: నాకు తెల్వదు. చిన్న తక్కెడ, ఒక్కొక్క పలుకు, అద్దాలు పెట్టుకున్న ముసలాయన, అన్నీ ఒక రోజు ముందు విన్నవే. నేను దేవుడి గూట్లో చెయ్యి పెట్టి కొమ్ము తీసి ఇచ్చాను.

"ఎంతేంది? గిది ఉన్నదెందుకు? తాత కంటె నీకెక్కువ ఎరుకనా?"

"కొత్త మందు గదరా. మొదట సగం కొమ్ము పోసి చూస్త."

"సగం పోస్తే పందికి గిలిగింతలైతయి. నవ్వుకుంట ఇంకో సాలు తింటది."

వదిన కూడా నవ్వింది. అన్న కొమ్ము తీసుకున్నాడు.

మధ్యాహ్నం ముగ్గురం చేనుకు పోయాం. పక్కన బీడు ఉంది, దాని అవతలి గట్టు మీద ఒక పగిలిన కుండ బోర్లించాం. వదిన సద్ది మూట పట్టుకుని వెనక దూరంగా వేపచెట్టు కింద నిలబడింది. అన్న తుపాకి మూతి పైకి పెట్టి, కొమ్ము నింపి, వంచాడు. "ఒకటి" అన్నాడు. కొమ్ము బోర్లించి మొలలో దోపుకున్నాడు. నేను వాడికి మూరెడు దూరంలో ఉన్నాను. ఒక్కటే. రెండు కాదు. ఈ మాట నేను ఇప్పుడు ఎవరికి కావాలంటే వాళ్లకు చెబుతాను.

పేల్చేముందు నేను "పంది సచ్చిపోయిందని ఠాణాల చెప్పి రానా?" అన్నాను. అన్న పెదవి మీద నవ్వు ఉండగానే ట్రిగ్గర్ నొక్కాడు.

ఆ చప్పుడు తుపాకిది కాదు. బావి తవ్వేటప్పుడు బండకు పెట్టిన మందు పేలినట్టు, భూమిలోంచి వచ్చింది. కుండ అలాగే ఉంది. తుపాకి లేదు. గొట్టం మధ్యలో అరటితొక్కలా విచ్చుకుని గట్టు మీద పడి ఉంది. అన్న నిలబడే ఉన్నాడు. ఎడమ చెయ్యి ఎత్తి చూసుకుంటున్నాడు, అది ఎవరిదో గుర్తుపట్టనట్టు. బొటనవేలు, చిటికెన వేలు ఉన్నాయి. మధ్యలో ఉండాల్సినవి లేవు. కొమ్ము మాత్రం మొలలో బోర్లాపడి, చెక్కుచెదరకుండా ఉంది.

వదిన సద్ది మూట విప్పి, ఆ గుడ్డే చేతికి చుట్టింది. అన్నం గట్టు మీద ఒలికిపోయింది. నా ఆటోలో పాత బిందెల మధ్య అన్నను పడుకోబెట్టి వనపర్తి దవాఖానకు తోలాను. గుంతలో పడినప్పుడల్లా బిందెలు మోగేవి. తొందరలో తాళం తిప్పితే మైకు కూడా ఆన్ అయింది. రెండు ఊళ్లు దాటేదాకా "అలిగిన అల్లుడు తప్ప అన్నీ కొంటాం" అని అరుస్తూనే ఉంది. ఒక ఆడమనిషి పగిలిన బకెట్ పట్టుకుని ఎదురొచ్చింది కూడా. నేను దాన్ని ఆపాలని కూడా మరిచిపోయాను.

అక్కడి నుంచి కర్నూలు పంపారు. మూడో రోజు పోలీసు వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కాగితం తీశాడు. అన్నకు ఎడమ చెవి వినిపించడం లేదు. ఆ రోజు పొద్దున్నుంచి జరిగినదేదీ వాడి తలలో లేదు. చప్పుడు దాన్ని తుడిచేసింది. నేను మిలిట్రీ మందు తెచ్చానన్నది కూడా వదిన చెబితేనే తెలిసింది. వాడు తనంతట తానే ఆలోచించుకుని ఒక లెక్క తేల్చుకున్నాడు. కొమ్ము తప్పు చేయదు. మిలిట్రీ సరుకు తప్పు చేయదు. ఇక మిగిలింది తాను.

"రెండు కొమ్ములు పోసినట్టున్న సార్" అన్నాడు. "మతి తప్పింది. ఒకసారి పోసి, మల్లొకసారి పోసిన."

"మందు యాడిది?"

అన్న నా వైపు చూడలేదు. "ఇంట్ల పాతది ఉండె సార్."

పోలీసు నన్నడిగాడు: "నువ్వున్నవా అక్కడ?"

పుట్టిన దగ్గర్నుంచి ఒక్కరోజు మూతపడని నోరు నాది. ఆ రోజు నిజానికి తెరుచుకోలేదు. "జర దూరంగ ఉన్న సార్, సూడలే" అన్నాను. ఆయన రాసుకున్నాడు. అన్న వేలిముద్ర వేశాడు, కుడిచేతిది. లైసెన్సు రద్దయింది. గొట్టం ముక్కలు మూట కట్టి తీసుకుపోయారు.

మర్నాడు పట్టపగలు జూరాల కాలువ దగ్గర ఆటో ఆపి, డబ్బా బోర్లించాను. పెద్దమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఏరు మారింది, రోజులు మారాయి, అంతే తేడా.

ఊరు ఊరంతా పరామర్శకు వచ్చింది. అందరిదీ ఒకే మాట: "ఎడమ చెయ్యే గదా, నయమాయె. అన్నం తినే చెయ్యి మిగిలింది." అన్న అందరికీ తలూపాడు. ఒక రోజు మాత్రం అన్నాడు: "కుడి చేత్తోని తింట సరే. ఏం చేసి తినాలె?"

చెయ్యి మానింది. మానంది వేరే ఉంది. అది నాకు మొదట వదిన చెప్పింది. నేను పోయేసరికి పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తోంది.

"మీ అన్న మోటరు బంజేసి ఇంటికొస్తడు. వచ్చి, బంజేసిన్నా లేదా అని మల్ల పోతడు. మల్ల వచ్చి, మల్ల పోతడు. గోలి నోట్లె ఏస్కున్నంక, ఏస్కున్ననా అని నన్నడుగుతడు. ఒకనాడు నేను లేకుంటె రెండుసార్లు మింగిన అనుకొని మూడు దినాలు మింగనే లేదు. నేను జూడంగ ఏమున్నది మరిదీ ఆయనల? వేళ్లు పోతె పోయినయి, మనిషి పోతుండు."

పెద్ద దవాఖానలో ఆ జబ్బుకు వార్డు లేదు. వాడు తలుపు గొళ్లెం రెండుసార్లు చూసేవాడు, పశువులను రెండుసార్లు ఎంచేవాడు, చుట్టాలను "అన్నం తిన్నరా" అని రెండుసార్లు అడిగేవాడు. యాసంగి వచ్చింది. బుడ్డల విత్తనం తెచ్చి ఇంట్లో పెట్టుకుని, వేయకుండా, చేను కౌలుకిచ్చేశాడు. ఎందుకన్నా అంటే, "ఏసిన సాల్లనే మల్ల ఏస్తనేమోరా" అన్నాడు. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని విత్తనం వేసిన మనిషి.

వాడు ఒక్క కొమ్మే పోశాడు. ఆ సంగతి భూమ్మీద తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. చెబితే వాడికి వాడు తిరిగి దొరుకుతాడు. పోలీసుల భయంతో కొన్నాళ్లు చెప్పలేదు. వదిన ముఖం ఎలా చూడాలన్న భయంతో కొన్నాళ్లు. తర్వాత నాకే ఒక సాకు దొరికింది. నిజంగా మందుదే తప్పో కాదో నాకేం తెలుసు, తెలుసుకున్నాక చెబుదాం అని.

కోడేరు దగ్గర ఒక ముసలాయన పూర్వం భర్మార్లు బాగుచేసేవాడని విని పోయాను. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఎవరికో జరిగినట్టు చెప్పాను.

"మిలిట్రీ తూటాలల్ల పోసే మందా? భర్మార్ల పోసిండ్రా?" చుట్ట నోట్లోంచి తీశాడు. "ఎన్ని చేతులు పోయినయి?"

"ఒకటి. అది కూడా సగం."

"నసీబు మంచిది. అది వేరే జాతి మందు బిడ్డా. మన తుపాకి దానికి ఆగదు. కొమ్ము గాదు, అసలు చూపియ్యొద్దు దానికి. ఎవడు తెచ్చిండు దాన్ని? వాణ్ని చెప్పుతోని కొట్టాలె."

"వాడు ఇప్పుడు అట్లనే తిరుగుతుండు తాతా, కొట్టేటోళ్లు దొరక్క" అన్నాను. "జర మా ఊరికొచ్చి ఈ మాట ఒక్కసారి మా అన్నకు చెప్తవా? ఆటోల తీస్కపోత, ఆటోల తెస్త."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. అర్థమైంది ఆయనకు. "తుపాకి ముచ్చట ఎత్తితే పోలీసోళ్లు నా ఇంటికొస్తరు. ఈ వయసుల నాకెందుకు? నువ్వు రాలే, నేను చూడలే. పో బిడ్డా" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా అన్న ఇంటికి పోయాను. సాయంత్రం. వదిన మేకలు పెంచుతోంది ఇప్పుడు, ఏడు మేకలు. అన్న వాటిని దొడ్లోకి తోలుతున్నాడు. నేను దేవుడి గూట్లోంచి కొమ్ము తీసుకుని వచ్చాను. వాడికి మంచి చెవి వైపు నిలబడ్డాను.

"అన్నా, నువ్వు రెండుసార్లు పొయ్యలే. ఒక్కసారే పోసినవ్. ఒకటి అన్నవ్, కొమ్ము మొలల పెట్టుకున్నవ్, నేను చూసిన. నేను తెచ్చిన మందే అసుంటిది. దాన్ని ఏట్ల పారెయ్యమని ఆ పెద్దమ్మ చెప్పింది. నేను పారెయ్యలే. నువ్వు సగం పోస్తనంటే నేనే ఎక్కిరిచ్చి నిండ పోపిచ్చిన."

కొమ్ము మీద కుడిచెయ్యి పెట్టాను. "ఇదిగో, తాత మీద ఒట్టు."

అన్న నా ముఖం చూశాడు. తర్వాత నవ్వాడు. పొద్దున్నే డబ్బా తెచ్చిన రోజు నవ్విన నవ్వే.

"బర్రె ముచ్చట నేను మరిచిపోయిన అనుకున్నవా?"

"అన్నా, గది వేరు..."

"అప్పుడు కూడ గిట్లనే పెట్టినవ్ చెయ్యి. నా దెబ్బలు నువ్వు తిన్నవ్. పదేండ్లోడివి. ఇప్పుడు నీకు నలభై దాటె. ఇగ సాలురా. నా తప్పు ఎన్నిసార్లు నెత్తికెత్తుకుంటవ్?"

"తప్పు నాది అన్నా. నిజం చెప్తున్న."

"నువ్వు నిజం చెప్తే నీ ముఖం గిట్లుండదు" అన్నాడు. "నువ్వు నన్ను నవ్వియ్యనీకి వచ్చినవ్. నవ్విన. పో."

నేను ఊరుకోలేదు. కంసాలి దగ్గరికి పోయి తక్కెడ అడిగాను. దాని ఇత్తడి ఎప్పుడో కరిగి ఏదో అయిపోయిందన్నాడు. నోటుబుక్కు ఏ సంచితో పాటు ఏ మిల్లుకు పోయిందో, ఏ అట్టపెట్టె అయ్యిందో. అలంపూర్ దిక్కు పెద్దమ్మ ఇంటికి పోతే తాళం వేసి ఉంది, కూతురి ఊరికి పోయిందట, ఆ ఊరు ఏదో పక్కింటివాళ్లకు తెలియదు. మందు కాలువ నీళ్లలో కలిసి ఎవరి వరిమడికి పోయిందో. ఇరవై ఏళ్లుగా ఊళ్లన్నిటి పాత సామాన్లు కొని అమ్మినవాణ్ని, నా దగ్గర నా సాక్ష్యం ముక్క కూడా మిగుల్చుకోలేదు. వదినకు చెప్పాను. ఆమె నా వైపు చూడకుండా, "నీ మంచితనం ఉండనియ్ మరిదీ, ఆయన ముంగట మల్ల గా ముచ్చట తియ్యకు, ఆ రాత్రి నిద్రపోలే" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పటికీ వారానికోసారి పోతాను. మొన్న పోయేసరికి అన్న దొడ్డి వాకిట్లో నిలబడి ఉన్నాడు. మేకలన్నీ లోపలికి వచ్చేశాయి.

"ఎన్నున్నయిరా?" అన్నాడు.

"ఏడు."

"సక్కగ చూసి చెప్పు. ఆటలొద్దు."

"ఏడే అన్నా. ఆట గాదు."

వాడు ఇంటివైపు తిరిగి వదినను పిలిచాడు. "ఏమే, జర వచ్చి ఎంచు. వీడు చెప్తే నాకు నమ్మకం లేదు."

వదిన తడిచేతులతో వచ్చి ఒక్కొక్క మేక వీపు మీద చెయ్యి వేస్తూ ఎంచింది. ఏడు అంది. లోపలికి పోయింది. అన్న మిగిలిన రెండు వేళ్లతో దొడ్డి తడక మూయబోయి ఆగాడు. మళ్లీ మొదటి మేక వైపు వేలు చూపించాడు.

"ఒకటి" అన్నాడు. అని, ఆ మాట ముందే ఒకసారి అన్నాడా లేదా అని, నా ముఖంలోకి చూశాడు.